ఇంజన్ ఊపిరి: పందెపు కార్ల గాలిదారి రూపకల్పన

- ఎం.టెక్. (థర్మల్ ఇంజనీరింగ్) విద్యార్థి, మన హాస్టల్ పూర్వ విద్యార్థి

ఇంజన్ శక్తి అంతా పెట్రోలులోనే ఉందని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి పెట్రోలును ఎంత కావాలంటే అంత సిలిండరులోకి పంపడం చాలా సులువు. ఒక చిన్న ఇంజెక్టరు చాలు. కష్టమంతా గాలితోనే. ఆ పెట్రోలు మండడానికి కావలసినంత గాలిని, సెకనులో వందో వంతు కూడా లేని వ్యవధిలో సిలిండరులోకి చేర్చాలి. మామూలు కారుకూ పందెపు కారుకూ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇక్కడే ఉంది. ఈ గాలి దారినే ఇన్‌టేక్ వ్యవస్థ అంటారు. దాన్ని ఎలా రూపొందిస్తారో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్‌కో ఇంజనీరింగ్‌కో వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మెకానికల్ పుస్తకంలోని ఇంగ్లీషు పదాలు చూసి వెనక్కి తగ్గడం నేను చూశాను. ఈ పాఠంలో ఉన్న విషయం మీకు చాలావరకు ముందే తెలుసు. పొలంలో బోదె గండి తీసి నీళ్ళు పెట్టినవాళ్ళకు ప్రవాహం అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ తెలిసిన దానికి లెక్క జోడించడమే ఇంజనీరింగ్.

1. ఇంజన్ అంటే ముందు ఒక గాలి పంపు

నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజన్ సంగతి పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలోనే వస్తుంది. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం. రెండు చుట్లు తిరిగితే ప్రతి సిలిండరూ ఒక్కసారి గాలి పీలుస్తుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. 1197 సీసీ ఇంజన్ మన రోడ్ల మీద చాలా కార్లలో ఉంది. అది నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. నిమిషానికి 3000 సార్లు తన సీసీ అంత గాలిని పీలుస్తుంది. అంటే 1.197 × 3000 = 3591 లీటర్లు. సెకనుకు దాదాపు 60 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలు నాలుగు ప్రతి సెకనూ నిండుతున్నట్లు. ఈ పని జరగడానికి ఒక్కో పీల్పుకు దొరికే సమయం, పిస్టన్ పైనుంచి కిందికి వచ్చే అర చుట్టు లెక్కన, కేవలం 5 మిల్లీ సెకన్లు.

ఇంకొక లెక్క. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలోలు. కాబట్టి లీటరుకు దాదాపు 11 కిలోల గాలి అవసరం. మన ఎండల్లో అది సుమారు 9,500 లీటర్ల గాలి అవుతుంది. బంకులో కొనేది ఒక లీటరు. ఉచితంగా వాడుకునేది తొమ్మిదిన్నర వేల లీటర్లు! పెట్రోలు కంటే గాలిని చేర్చడమే ఎందుకు కష్టమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

సిలిండరు ఖాళీకి సరిపడా రావలసిన గాలి బరువులో నిజంగా వచ్చింది ఎంత అనే నిష్పత్తిని వాల్యూమెట్రిక్ ఎఫిషియెన్సీ అంటారు. మనం దీన్ని 'నింపుడు సామర్థ్యం' అందాం. పాతకాలపు మామూలు ఇంజన్లలో ఇది 80 శాతం దగ్గర ఉండేది. బాగా తీర్చిదిద్దిన పందెపు ఇంజన్లో, టర్బో లేకుండానే, కొన్ని వేగాల దగ్గర 100 శాతం దాటుతుంది. పాత్ర కొలత కంటే ఎక్కువ ఎలా పడుతుంది అనే ప్రశ్న మీకు ఇప్పటికే వచ్చి ఉండాలి. జవాబు 4, 5 భాగాల్లో ఉంది.

2. దారిలో ఆటంకాలు

గాలిని లోపలికి నెట్టేది మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనమే. అది సముద్ర మట్టం దగ్గర 101 కిలోపాస్కల్స్. మనకున్న పెట్టుబడి అంతే. దారిలో ప్రతి ఆటంకమూ అందులో కొంత తినేస్తుంది. కాబట్టి మొదటి సూత్రం: ఆటంకాలు తగ్గించాలి.

మొదటిది గొట్టం మూతి. గొట్టం చివర నిలువుగా కోసినట్లు ఉంటే లోపలికి వచ్చే గాలి అంచు దగ్గర మడతపడి సుడి తిరుగుతుంది. అంచు పదునుగా ఉన్న ద్వారం దగ్గర, గొట్టంలోని గాలి వేగానికి సంబంధించిన పీడనంలో సగం వృథా అవుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అదే మూతిని బాకా మూతిలాగా గుండ్రంగా విప్పితే ఆ నష్టం ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. పందెపు కార్ల ఇంజన్ల మీద వరసగా బాకాల్లాంటి మూతులు కనబడేది అందుకే, అలంకారానికి కాదు.

రెండవది వంకరలు. బిగువైన మలుపు దగ్గర గాలి లోపలి అంచును వదిలేసి బయటి అంచుకు ఒత్తుకుంటుంది. కాలవ మలుపులో ఒక గట్టు కోసుకుపోయి, ఎదురు గట్టున ఒండ్రు మేట వేయడం మీరు చూసే ఉంటారు. కారణం ఒకటే.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, వాల్వు. వాల్వు తెరుచుకున్నప్పుడు గాలి దాని చుట్టూ ఉన్న సందులోంచి వస్తుంది. ఆ సందు వైశాల్యం = చుట్టుకొలత × పైకి లేచిన ఎత్తు. వాల్వు వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి ఆ సందు వాల్వు రంధ్రం వైశాల్యంతో సమానమవుతుంది. 30 మి.మీ. వాల్వుకు ఆ ఎత్తు 7.5 మి.మీ. దాని తర్వాత ఇంకా ఎత్తు లేపినా లాభం కొద్దిగానే ఉంటుంది.

మరి సందు పెంచేదెలా? 38 మి.మీ. వాల్వు ఒకటి పెడితే చుట్టుకొలత 119 మి.మీ. దాని బదులు 28 మి.మీ. వాల్వులు రెండు పెడితే మొత్తం చుట్టుకొలత 176 మి.మీ. అదే ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్లు సందు. సిలిండరుకు నాలుగు వాల్వులు అనే మాట వెనుక ఉన్న లెక్క ఇదే.

ఇంటర్వ్యూల్లో తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. లోపలికి వచ్చే వాల్వు పెద్దదిగా, బయటికి పోయే వాల్వు చిన్నదిగా ఎందుకుంటాయి? బయటికి పోయే వాయువును సిలిండరులోని పెద్ద పీడనమే తరిమేస్తుంది. లోపలికి వచ్చే గాలిని తోసేది మాత్రం ఆ 101 కిలోపాస్కల్స్ మాత్రమే. బలం తక్కువ ఉన్నవారికి దారి వెడల్పు ఎక్కువ ఇవ్వాలి.

3. బందరు గాలి లెక్క

గాలి పరిమాణం కంటే దాని బరువు ముఖ్యం. వేడెక్కితే గాలి పలచబడుతుంది. తేమ చేరితే, ఆక్సిజన్ ఉండవలసిన చోటును నీటి ఆవిరి ఆక్రమిస్తుంది.

15 డిగ్రీల పొడి గాలి ఘనపు మీటరు 1.225 కిలోలు.  ఇప్పుడు మచిలీపట్నంలో 36 డిగ్రీల ఎండ, 60 శాతం తేమ ఉన్న రోజును తీసుకోండి. ఆ గాలిలో ఆవిరి పీడనం సుమారు 3.6 కిలోపాస్కల్స్. దాన్ని తీసేసి లెక్క కడితే ఘనపు మీటరులో ఉన్న పొడి గాలి 1.10 కిలోలు మాత్రమే. అంటే పది శాతం తక్కువ. 15 డిగ్రీల పొడి గాలిలో 100 హార్స్ పవర్ ఇచ్చే మామూలు ఇంజన్ ఆ రోజు బందరు రోడ్డు మీద 90 దగ్గర ఉంటుంది.

అంతటితో ఆగలేదు. గాలి పీల్చే మూతి బానెట్ కింద, రేడియేటరు వెనకాల ఉంటే అక్కడి గాలి 60 డిగ్రీలు ఉండవచ్చు. అప్పుడు పొడి గాలి ఘనపు మీటరుకు 1.02 కిలోలు. ఇంకో 7 శాతం పోయింది. అందుకే పందెపు కారులో గాలి మూతిని బయటి చల్లగాలి తగిలే చోట పెడతారు. గాలి గొట్టానికీ వేడి ఇంజన్‌కూ మధ్య వేడి పాకని ప్లాస్టిక్ వాడతారు. రూపాయి ఖర్చు పెట్టే ముందు చేయవలసిన మొదటి మార్పు ఇదే.

4. గాలికీ బరువుంది

ఇక అసలు విషయానికి వద్దాం. పిస్టన్ కిందికి దిగేటప్పుడు గొట్టంలోని గాలి వేగం అందుకుంటుంది. పిస్టన్ అడుగుకు చేరి ఆగినా, బరువున్న ఆ గాలి వెంటనే ఆగదు. నిండుగా పారే కాలవలో లాకు తలుపు చటుక్కున దించితే నీళ్ళు తలుపుకు కొట్టుకుని పైకి లేస్తాయి కదా, అలాగే.

ఈ ఊపును వాడుకోవడానికి వాల్వును పిస్టన్ అడుగుకు చేరిన వెంటనే మూయరు. ఇంకా 40 నుంచి 70 డిగ్రీల క్రాంకు తిరిగేదాకా తెరిచే ఉంచుతారు. పిస్టన్ పైకి వస్తున్నా గాలి లోపలికి వస్తూనే ఉంటుంది. దీన్ని రామ్ ప్రభావం అంటారు.

అయితే ఇది వేగం ఎక్కువున్నప్పుడే పనిచేస్తుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలికి ఊపు ఉండదు. వాల్వు ఆలస్యంగా మూస్తే పిస్టన్ ఆ గాలిని మళ్ళీ గొట్టంలోకే నెట్టేస్తుంది. పందెపు ఇంజన్లు తక్కువ వేగంలో కొట్టుకుంటూ, దమ్ము లేనట్లు ఉండటానికి ముఖ్య కారణం ఇదే. ఒక వేగం దగ్గర వచ్చిన లాభానికి ఇంకొక వేగం దగ్గర చెల్లించాలి. ఈ పాఠం మొత్తంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

5. గొట్టంలో అల

గాలి సన్నాయి గొట్టంలో ఊగినట్లే ఇంజన్ గొట్టంలోనూ ఊగుతుంది. పిస్టన్ దిగుతూ గాలిని లాగినప్పుడు వాల్వు దగ్గర పీడనం తగ్గుతుంది. ఆ 'తక్కువ పీడనం' అనే కబురు ఒక అలగా గొట్టంలో బయటి మూతి వైపు ధ్వని వేగంతో పరుగెడుతుంది. తెరిచి ఉన్న మూతి దగ్గర అది తలకిందులై, 'ఎక్కువ పీడనం' అలగా వెనక్కి వస్తుంది. అది వాల్వు మూసుకునే ముందు అక్కడికి చేరితే మరికొంత గాలిని లోపలికి నెట్టేస్తుంది. అప్పుడే నింపుడు సామర్థ్యం 100 దాటుతుంది. ఆలస్యమైతే మూసిన తలుపుకు కొట్టుకుని వృథా అవుతుంది.

అంటే అల పోయి వచ్చే సమయం, ఇంజన్ తిరిగే సమయం కలవాలి. లెక్క ఇది. గొట్టం పొడవుకు రెట్టింపు దూరాన్ని ధ్వని వేగంతో భాగిస్తే అల తిరిగి వచ్చే సమయం వస్తుంది. క్రాంకు సెకనుకు (6 × ఆర్.పి.ఎం.) డిగ్రీలు తిరుగుతుంది. రెండూ కలిపితే:

గొట్టం పొడవు = (క్రాంకు డిగ్రీలు × ధ్వని వేగం) ÷ (12 × ఆర్.పి.ఎం.)

తొలి అంచనాకు అల 90 డిగ్రీల తర్వాత తిరిగి రావాలనుకుందాం. 40 డిగ్రీల గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 355 మీటర్లు. అప్పుడు,

3000 ఆర్.పి.ఎం. కు - 89 సెం.మీ.
6000 ఆర్.పి.ఎం. కు - 44 సెం.మీ.
9000 ఆర్.పి.ఎం. కు - 30 సెం.మీ.
12000 ఆర్.పి.ఎం. కు - 22 సెం.మీ.

ఈ పొడవులో సిలిండర్ హెడ్ లోపలి దారి కూడా కలిసి ఉంటుంది. ఇది మొదటి అంచనా మాత్రమే. వాల్వు సమయాలు, గొట్టం వ్యాసం, గాలి ఉష్ణోగ్రత మారితే జవాబూ మారుతుంది. పొడవు గొట్టానికి చోటు లేకపోతే అల రెండోసారో మూడోసారో తిరిగి వచ్చేటట్లు పొట్టి గొట్టం పెడతారు. అప్పుడు లాభం కొంత తగ్గుతుంది. చివరికి కంప్యూటర్ నమూనా వేసి, డైనమోమీటరు మీద ఇంజన్ను నడిపి తేల్చుకోవలసిందే. కానీ దిశ మాత్రం మారదు. నిదానపు ఇంజన్‌కు పొడవు గొట్టం, వేగపు ఇంజన్‌కు పొట్టి గొట్టం.

6. పొడవా, పొట్టా? మూడు ఉదాహరణలు

1960లో అమెరికాలో క్రిస్లర్ కంపెనీ 300 ఎఫ్ అనే కారు తెచ్చింది. దాని ఇంజన్ మీద 30 అంగుళాల, అంటే 76 సెం.మీ. గొట్టాలు అడ్డంగా ఒకదాన్నొకటి దాటుతూ ఉండేవి. శక్తి 375 హార్స్ పవర్. రోడ్డు మీద ముందు కారును దాటేటప్పుడు కావలసిన మధ్య వేగాల్లో మంచి టార్క్ వచ్చేది. పందెం కోసం అదే గొట్టాల లోపలి గోడను కొంత దూరం తీసేసి, పనిచేసే పొడవును సగానికి, అంటే సుమారు 38 సెం.మీ.కు తగ్గించారు. శక్తి 400 హార్స్ పవర్‌కు పెరిగింది. గరిష్ఠ టార్క్ మాత్రం తగ్గి, 2800 ఆర్.పి.ఎం. నుంచి 3600కు జరిగింది.  

రెండిటినీ ఒకే కారులో పొందలేమా? 1991లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెం గెలిచిన మాజ్దా 787బి కారు ఇందుకు జవాబు. దాని రోటరీ ఇంజన్‌కు ఒకదానిలో ఒకటి జారే గొట్టాలు అమర్చారు. వేగం పెరిగేకొద్దీ గొట్టం పొట్టిదై, తగ్గేకొద్దీ పొడవయ్యేది. ఆ పందెం గెలిచిన మొదటి జపాన్ కారు అదే.

ఫార్ములా వన్‌లో కూడా ఇలాంటి మారే గొట్టాలు వాడేవారు. 2006లో నిబంధనలు మార్చి నిషేధించారు. 2015లో మళ్ళీ అనుమతించారు. మామూలు కార్లలో ఇంత ఖర్చు పెట్టలేరు కాబట్టి ఒక పొడవు దారి, ఒక పొట్టి దారి ఉంచి మధ్యలో చిన్న తలుపు పెడతారు.

7. శివారు సిలిండరు

ఇప్పటిదాకా ఒక్క సిలిండరు గురించే మాట్లాడాం. నాలుగు సిలిండర్లున్నప్పుడు ఇంకో సమస్య వస్తుంది. పంచడం.

మన డెల్టాలో దీన్ని వివరించనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కాలవల్లో నడిచి, పులిగడ్డ అక్విడెక్టు మీదుగా దివిసీమకు చేరేసరికి ఎన్ని తూములు దాటాలో మీకు తెలుసు. తల దగ్గరి చేనుకు మోకాలిలోతు, శివారు చేనుకు తడి కూడా అందని సంవత్సరాలు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చూశారు. ఇంజన్లో కూడా ఒకే గొట్టానికి వరసగా నాలుగు కొమ్మలు పెడితే అదే జరుగుతుంది. గాలి వేగం వల్ల ఏ కొమ్మకు ఎక్కువ పోతుందో, ఏది ఎండుతుందో ఒక్కో వేగం దగ్గర ఒక్కోలా ఉంటుంది. గాలి తక్కువ అందిన సిలిండరు తక్కువ పని చేస్తుంది. ఇంజెక్టరు అన్నిటికీ సమానంగా పెట్రోలు పోస్తుంటే, గాలి ఎక్కువ అందిన సిలిండరులో ఇంధనం పలచబడి వేడి పెరిగి, పిస్టన్ దెబ్బతినవచ్చు. ఒక్కరికి అన్యాయం జరిగితే నష్టం మొత్తం ఇంజన్‌దే.

దీనికి మందు చెరువు. గొట్టాలన్నిటి ముందు ఒక పెద్ద గాలి పెట్టె పెడతారు. దాన్ని ప్లీనం అంటారు. గాలి ముందు అందులో నెమ్మదించి నిలిచి, అక్కడినుంచి సమానమైన గొట్టాల ద్వారా నాలుగు సిలిండర్లకూ పోతుంది. తిరిగి వచ్చే అలకు 'తెరిచిన మూతి'గా పనిచేసేదీ ఈ పెట్టే. చిన్నదైతే సిలిండర్లు ఒకదాని గాలి ఒకటి లాక్కుంటాయి. మరీ పెద్దదైతే యాక్సిలరేటరు తొక్కిన తర్వాత పెట్టె నిండేదాకా ఆలస్యమై పికప్ మందగిస్తుంది. ఇక్కడా ఒక లాభం, ఒక చెల్లింపు.

8. ఇరవై మిల్లీమీటర్ల రంధ్రం

ఇదంతా కోట్ల రూపాయల కంపెనీల పని అనుకోకండి. విద్యార్థులే కారు తయారుచేసి పోటీ పడే ఫార్ములా ఎస్.ఏ.ఇ. అమెరికాలో 1981లో మొదలైంది. ఇంగ్లండ్‌లో ఫార్ములా స్టూడెంట్ పేరుతో 1998లో వచ్చింది. మన దేశంలో ఫార్ములా భారత్ పోటీ కోయంబత్తూరు దగ్గరి కారి ట్రాక్ మీద జరుగుతూ వచ్చింది. ఈ పోటీల్లో ఇంజన్ 710 సీసీ దాటకూడదు. దానికి మించిన నిబంధన ఇంకొకటుంది. పెట్రోలు ఇంజన్‌కు గాలి అంతా 20 మి.మీ. వ్యాసమున్న ఒకే ఒక రంధ్రం గుండా పోవాలి. దాదాపు మన పాత పావలా బిళ్ళంత.

ఆ రంధ్రంలో గాలి ధ్వని వేగానికి చేరాక, ఇంజన్ ఎంత గట్టిగా పీల్చినా అంతకు మించి రాదు. దీన్ని చోకింగ్ అంటారు. 35 డిగ్రీల గాలికి లెక్క కడితే ఆ హద్దు సెకనుకు 73 గ్రాములు. 600 సీసీ ఇంజన్ 10,000 ఆర్.పి.ఎం. దగ్గర పూర్తిగా నిండితే సెకనుకు 57 గ్రాములు కావాలి. 12,800 దగ్గర హద్దు తగులుతుంది. అంతకు మించి వేగం పెంచడం శబ్దానికే పనికొస్తుంది.

కాబట్టి డబ్బున్న కళాశాల పెద్ద ఇంజన్ కొన్నా ఆ 73 గ్రాములు అందరికీ సమానమే. గెలుపు రంధ్రం ముందూ వెనకా ఉన్న ఆకారంలో ఉంది. ముందు మూతి గుండ్రంగా ఉండాలి. రంధ్రం దాటాక గొట్టం కొద్ది డిగ్రీల వాలుతో, చాలా నిదానంగా వెడల్పవ్వాలి. తొందరపడి విప్పితే గాలి గోడను వదిలి సుడి తిరుగుతుంది, పోయిన పీడనం తిరిగి రాదు. ఆ తర్వాత ప్లీనం, దాని తర్వాత పైన లెక్క కట్టిన గొట్టాలు. బుర్ర ఉన్నవాడికి, లేత్ మీద ఓపికగా పని చేసేవాడికి ఇంత న్యాయమైన పోటీ మరొకటి లేదు.

ఆ రంధ్రం విలువ ఎంతో 1995లో లోకానికి తెలిసింది. స్పెయిన్‌లో కటలోనియా ర్యాలీలో టయోటా జట్టు కారు టర్బో ముందున్న 34 మి.మీ. రంధ్రం చుట్టూ అదనపు గాలి పోయేటట్లు రహస్యమైన అమరిక దొరికింది. విప్పి చూస్తే మూసుకుపోయి మామూలుగా కనబడే అమరిక అది. జట్టుకు ఏడాదిపాటు నిషేధం పడింది. కొద్ది మిల్లీమీటర్ల గాలి కోసం అంత పెద్ద కంపెనీ పేరు పోగొట్టుకుంది.

9. గాలిని నొక్కి పంపడం

వాతావరణ పీడనం చాలకపోతే దాన్నే పెంచాలి. బయటికి పోయే వేడి వాయువుతో చక్రం తిప్పి, దాంతో లోపలికి వచ్చే గాలిని నొక్కే టర్బోచార్జరుకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు తీసుకున్నాడు.

మన రాష్ట్రంలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో తయారయ్యే సెల్టోస్ కారు 2023 మోడల్ చూడండి. టర్బో లేని 1497 సీసీ పెట్రోలు ఇంజన్ శక్తి 115 పి.ఎస్., టార్క్ 144 న్యూటన్ మీటర్లు. టర్బో ఉన్న 1482 సీసీ ఇంజన్ శక్తి 160 పి.ఎస్., టార్క్ 253. సీసీ దాదాపు ఒకటే. తేడాలో పెద్ద భాగం గాలిదే.

నొక్కితే గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు పట్టుకు చూడండి. 35 డిగ్రీల గాలిని 1.6 రెట్లు నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసరులో అది 98 డిగ్రీలకు చేరుతుంది. ఇంటర్‌కూలరులో దాన్ని 50 డిగ్రీలకు చల్లబరిస్తే అదే పీడనం దగ్గర గాలి 15 శాతం చిక్కబడుతుంది. వేడి, తేమ ఎక్కువున్న మన కోస్తాలో ఇంటర్‌కూలరు శుభ్రంగా ఉంచుకోవడం చాలా అవసరం.

10. మన ఊరి ఇంజన్లు

పందెపు కారు పాఠం మన చుట్టూ ఉన్న ఇంజన్లకు ఏం చెబుతుంది?

గిలకలదిండి హార్బరులో, నాగాయలంకలో మరపడవల డీజిలు ఇంజన్లు చూడండి. వరికోత యంత్రాలు, నీటి పంపులు చూడండి. ఇవి గంటల తరబడి ఒకే నిదానపు వేగంలో బరువు లాగాలి. వీటికి కావలసింది ఎక్కువ ఆర్.పి.ఎం. కాదు, తక్కువ వేగంలో టార్క్. కాబట్టి పందెపు ఆకారాలు వీటికి పనికిరావు. సూత్రం మాత్రం అదే. డీజిలు ఇంజన్ బరువు లాగేటప్పుడు నల్లటి పొగ వదులుతోందంటే ఇంధనానికి తగిన గాలి అందడం లేదన్నమాట. ఇంజెక్టరు లోపం కూడా కావచ్చు. కానీ ముందు చూడవలసింది, ఖర్చు లేనిది, ఎయిర్ ఫిల్టరు. పొగగా పోయేది సగం కాలిన డీజిలు, అంటే డబ్బు. పడవ మీద బతికే కుటుంబానికి అది ఆ రోజు కూలి.

ఇక మన కుర్రాళ్ళ సంగతి. బైకుకు ఎయిర్ ఫిల్టరు తీసేస్తే పికప్ పెరుగుతుందని గుడివాడలోనూ, బందరులోనూ, ఇంకెక్కడైనా చెప్పేవాళ్ళున్నారు. తీసేస్తే గాలి పీల్చే శబ్దం పెరుగుతుంది. చెవికి అది శక్తిలా వినిపిస్తుంది. కంపెనీవాళ్ళు ఫిల్టరు డబ్బాను, గొట్టాన్ని అల లెక్క ప్రకారమే కొలిచి పెట్టారు. దాన్ని విరగ్గొడితే మనం రోజూ నడిపే మధ్య వేగాల్లో టార్క్ తగ్గే అవకాశమే ఎక్కువ. కార్బురేటరు బండి అయితే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. అన్నిటికంటే ముఖ్యం దుమ్ము. కోతల కాలంలో మన రోడ్ల మీద లేచే ఇసుక, వరి నూగు నేరుగా సిలిండరులోకి పోయి గోడలను, రింగులను అరగదీస్తాయి. పందెపు జట్టు పందేనికొకసారి ఇంజన్ విప్పుకోగలదు. అన్నయ్య అప్పు చేసి కొన్న బండి పదేళ్ళు నడవాలి.

11. విద్యుత్ కార్లు వచ్చాక ఈ పాఠం ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అందులో పరుగెత్తిన ఏ కారుకూ గాలి గొట్టం లేదు, వాల్వు లేదు. మెకానికల్ బ్రాంచి తీసుకుంటే భవిష్యత్తు ఉండదని మన పిల్లలకు చెప్పేవాళ్ళు ఎక్కువవుతున్నారు.

నేను చెప్పేది ఇది. పడవలు, లారీలు, కోత యంత్రాలు ఒక్కరోజులో మారిపోవు. అవి నడిచినంత కాలం వాటిని బాగా అర్థం చేసుకున్న మనిషి కావాలి. పైగా ఈ పాఠంలో మనం నేర్చుకున్నది గొట్టం గురించి కాదు. ప్రవాహం, ఒత్తిడి, అల, ఉష్ణం, వాటి మధ్య రాజీ. విద్యుత్ కారులో బ్యాటరీలోని వందల సెల్లులకు చల్లదనం సమానంగా పంచడం కూడా శివారు చేను సమస్యే. తల దగ్గరి సెల్లు చల్లగా, చివరి సెల్లు వేడిగా ఉంటే బ్యాటరీ పాడవుతుంది. ఈ పాఠం వచ్చినవాడు ఆ పనిని త్వరగా అందుకుంటాడు.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. శక్తికి హద్దు పెట్టేది ఇంధనం కాదు, లోపలికి చేరిన గాలి బరువు.
2. ముందు ఆటంకం తగ్గించాలి, తర్వాత చల్లగాలి ఇవ్వాలి, ఆ తర్వాతే అల లెక్క.
3. పొడవు గొట్టం నిదానానికి, పొట్టి గొట్టం వేగానికి. ఏ పని కోసం ఇంజన్ అనేది ముందు తేల్చుకోవాలి.
4. నాలుగు సిలిండర్లకూ సమానంగా అందని గాలి, ఎంత ఎక్కువైనా మంచిది కాదు.

మీరే చేసి చూడండి

1. 100 సీసీ బైకు 8000 ఆర్.పి.ఎం. దగ్గర సెకనుకు ఎన్ని లీటర్ల గాలి పీలుస్తుంది?
2. పైన ఇచ్చిన సూత్రం ప్రకారం 5000 ఆర్.పి.ఎం. కు గొట్టం పొడవు ఎంత?
3. ఖాళీ కూల్‌డ్రింకు సీసా మూతి మీద అడ్డంగా ఊదండి. కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ మళ్ళీ ఊదండి. శబ్దం సన్నబడుతుందా, బొంగురుపోతుందా? ఎందుకు?

(జవాబులు: 1. సుమారు 6.7 లీటర్లు. 2. సుమారు 53 సెం.మీ. 3. సన్నబడుతుంది. లోపలి గాలి చోటు తగ్గేకొద్దీ ఊగే వేగం పెరుగుతుంది. ప్లీనం పరిమాణం మారితే ఇంజన్లో జరిగేది ఇదే.)

ఈ లెక్కలకు కావలసింది పదో తరగతి గణితం, కొంచెం ఓపిక. మెకానికల్‌లో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కళాశాలలో ఫార్ములా జట్టు ఉంటే అందులో చేరండి. లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టండి. సందేహం వస్తే సెలవుల్లో నేను హాస్టలుకు వచ్చినప్పుడు అడగండి, కూర్చుని చేద్దాం.